బెజవాడ ఎండకి మూడు నాబ్‌ల ఏసీ చాలా? మా కారు ఏసీ మీద వివరంగా

కారు రివ్యూల్లో ఏసీ గురించి ఒక్క ముక్కే ఉంటుంది, "కూలింగ్ బాగుంది" అనో "కూలింగ్ అంతంతమాత్రం" అనో. విజయవాడలో కారు నడిపేవాళ్ళకి ఆ ఒక్క ముక్క సరిపోదు. మార్చి నుంచి జూన్ దాకా మనకి ఏసీ లేని కారు కారే కాదు, వానలు మొదలయ్యాక అద్దాలకి ఆవిరి పట్టి అదింకో తిప్పలు. అందుకని ఏ నాబ్ ఏం చేస్తుంది, ఎప్పుడు ఎటు తిప్పాలి, ఎక్కడ బాగుంది, ఎక్కడ బాగాలేదు అన్నది కాస్త విడమరిచి రాస్తున్నాను. మాది చిన్న పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, మాన్యువల్ ఏసీ. డ్యాష్‌బోర్డ్ మధ్యలో మూడు గుండ్రటి నాబ్‌లు, పక్కన ఏసీ బటన్, పైన అటూ ఇటూ జరిపే ఒక చిన్న లివర్. కొద్ది తేడాలతో చాలా కంపెనీల చిన్న కార్లలో ఇదే ప్యానెల్ వస్తుంది కాబట్టి కంపెనీ పేరు పక్కన పెడుతున్నాను, ఈ రకం ప్యానెల్ ఉన్న కారు ఎవరి దగ్గరున్నా ఇది పనికొస్తుంది.

ముందు నీలం ఎరుపు గీతలున్న నాబ్ గురించి చెప్పాలి, ఎందుకంటే ఎక్కువమంది డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే. గుంటూరులో మా బాబాయి దగ్గర కూడా ఇలాంటి కారే ఉంది. పోయిన ఎండాకాలం "ఏరా, మీ కారు చల్లగానే ఉందే, మాదేంటి ఇలా వేడిగాలి కొడుతోంది" అని ఫోన్ చేశాడు. అప్పటికే ఒక షాపుకి తీసుకెళితే గ్యాస్ తగ్గిందన్నారట, పట్టించాడట, అయినా కూలింగ్ అంతే. వెళ్ళి చూస్తే నాబ్ సరిగ్గా మధ్యలో ఉంది. "మరీ చలి వద్దు, ఇంజిన్ మీద బరువు పడుతుందని సగంలో పెట్టా" అన్నాడు. ఇంట్లో ఏసీకి రిమోట్‌లో డిగ్రీలు పెంచితే కంప్రెసర్‌కి పని తగ్గుతుంది కదా, కారులో కూడా అంతే అనుకోవడం సహజం. కానీ మాలాంటి మాన్యువల్ ఏసీలో ఆ నాబ్‌కి కంప్రెసర్‌తో సంబంధం లేదు. డ్యాష్‌బోర్డ్ లోపల ఒక తలుపు లాంటి పలక ఉంటుంది, నాబ్ తిప్పితే ఆ పలక కదులుతుంది, అంతే. బ్లోయర్ (లోపలి ఫ్యాన్) నుంచి వచ్చే గాలి ముందు కూలింగ్ కాయిల్ మీదుగా పోయి చల్లబడుతుంది, ఆ తర్వాత హీటర్ కాయిల్ ఉంటుంది, దాంట్లో ఇంజిన్ వేడినీళ్ళు తిరుగుతుంటాయి. నాబ్ పూర్తిగా నీలం వైపు ఉంటే పలక హీటర్ దారి మూసేస్తుంది, చల్లగాలి నేరుగా మన మొహం మీదికి వస్తుంది. మధ్యలో పెడితే సగం గాలి హీటర్ మీదుగా వెళ్ళి వేడెక్కి వచ్చి చల్లగాలిలో కలుస్తుంది. అంటే పెట్రోలు ఖర్చుపెట్టి చల్లబరిచిన గాలిని మనమే మళ్ళీ వేడి చేసుకుంటున్నామన్నమాట, కంప్రెసర్ మాత్రం దాని పని అది చేస్తూనే ఉంటుంది.

కాబట్టి ఎండాకాలం ఆ నాబ్‌ని నీలం చివరికి తిప్పేసి అక్కడే వదిలేయండి. చలిగా అనిపిస్తే ఫ్యాన్ స్పీడు తగ్గించండి, నాబ్ జోలికి పోకండి. బాబాయి కారులో నేను చేసింది ఆ ఒక్క పనే, నాబ్ పూర్తిగా ఎడమకి తిప్పాను, మంగళగిరి వచ్చేసరికి "ఫ్యాన్ తగ్గించరా" అన్నాడు. గ్యాస్‌కి పెట్టిన డబ్బులు మాత్రం పోయినట్టే.

ఇక్కడే గ్యాస్ మాట కూడా చెప్పాలి. ఏసీ గ్యాస్ పెట్రోల్ లాగా వాడితే అయిపోయేది కాదు. అదే గ్యాస్ పైపుల్లో తిరుగుతూ ఉంటుంది, బాగా తగ్గిందంటే ఎక్కడో లీక్ ఉందని అర్థం. లీక్ చూడకుండా ఏటా గ్యాస్ పట్టిస్తే ఏటా పట్టిస్తూనే ఉండాలి. బానెట్ ఎత్తితే లోపల చాలా కార్లలో ఒక స్టిక్కర్ ఉంటుంది, ఏ గ్యాస్, ఎన్ని గ్రాములు అని దాని మీద రాసి ఉంటుంది, మన దగ్గర తిరిగే చాలా కార్లలో ఆర్134ఏ. షాపులో ముందు ఆ స్టిక్కర్ చూపించి, లీక్ టెస్ట్ చేసి, పాత గ్యాస్ తీసేసి, వాక్యూమ్ పెట్టి పైపుల్లో మిగిలిన గాలి, తేమ లాగేసి, మెషిన్‌తో తూకం ప్రకారం ఎక్కించమని అడగండి. ఎక్కువ పట్టినా కూలింగ్ తగ్గుతుంది, తక్కువ పట్టినా తగ్గుతుంది. కార్లు, లారీలు బాగుచేసే మన ఆటోనగర్‌లో ఈ పని పద్ధతిగా చేసేవాళ్ళు ఉన్నారు, అడిగితే దగ్గరుండి చూపిస్తారు కూడా, అడగనివాళ్ళకే అంచనాగా ఎక్కించేసి పంపేది. ఆటోనగర్ అంటే గుర్తొచ్చింది, 2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే ఎన్2, ఎన్3 తరగతి (మూడున్నర టన్నులు దాటిన సరుకు బండ్లు) లారీల కేబిన్లలో ఏసీ తప్పనిసరి చేశారు. ఎండాకాలం మధ్యాహ్నం ఇంజిన్ వేడి పక్కనే కూర్చుని వందల కిలోమీటర్లు తోలే డ్రైవర్లకి ఇది ఎప్పుడో రావాల్సింది, ఇప్పటికైనా వచ్చింది, నాకు చాలా సంతోషంగా ఉంది.

సరే, బయటి గాలి తీసుకోవాలా, లోపలి గాలినే తిప్పాలా అని చెప్పే లివర్ దగ్గరికి వద్దాం. మా ప్యానెల్‌లో నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే. కొన్ని కార్లలో బటన్ ఉంటుంది, కారు బొమ్మలో బాణం గుండ్రంగా తిరుగుతున్నట్టు ఉంటే లోపలి గాలినే తిప్పుతోందని, బాణం బయటి నుంచి లోపలికి వస్తున్నట్టు ఉంటే బయటి గాలి తీసుకుంటోందని. మాది లివర్ కాబట్టి చూడకుండా చేత్తో తడిమితే చాలు, ఎటు ఉందో తెలిసిపోతుంది.

ఎండలో ఆపిన కారు సంగతి మనందరికీ తెలిసిందే. బీసెంట్ రోడ్డు పక్క సందుల్లో నీడ దొరక్క ఎండలో పెట్టి షాపింగ్ ముగించుకుని వస్తే స్టీరింగ్ ముట్టుకోలేం. బయట 42 ఉంటే మూసి ఉన్న కారులో గాలి 60 దాకా పోతుంది. అప్పుడు ఎక్కగానే అద్దాలు ఎత్తేసి, లోపలి గాలి మోడ్‌లో ఏసీ పెట్టేస్తే ఆ 60 డిగ్రీల గాలినే చల్లబరచమని కాయిల్‌ని అడుగుతున్నట్టు. దానికన్నా నాలుగు తలుపులూ ఓసారి తీసి, అద్దాలు దించి, ఫ్యాన్ ఫుల్ పెట్టి, లివర్ బయటి గాలి వైపు ఉంచి సందు చివరిదాకా వెళ్ళండి. లోపల ఉడికిన గాలంతా బయటికి పోతుంది. ఆ తర్వాత అద్దాలు ఎత్తి లివర్ లోపలి గాలి వైపు జరపండి. అప్పటి నుంచి ఒకసారి చల్లబడిన గాలే మళ్ళీ కాయిల్ మీదికి వెళ్తుంది కాబట్టి తొందరగా చల్లబడుతుంది. మా ఇంట్లో కారు ఎవరు తీసినా ఇదే వరస.

ఈ లివర్ విలువ గుంటూరు మిర్చి యార్డు వైపు వెళితే ఇంకా బాగా తెలుస్తుంది. సీజన్‌లో టిక్కీల (మిర్చి బస్తాల) లోడుతో లారీలు బారులు తీరి ఉంటాయి కదా, బయటి గాలి మోడ్‌లో ఆ పక్కన వెళ్ళారంటే ఘాటు కారు నిండా నిండిపోతుంది, ముందు వెనక అందరూ ఒకటే దగ్గు, పిల్లలైతే కళ్ళు మండి ఏడుస్తారు. యార్డు ఇంకా కనపడకముందే లివర్ లోపలికి జరిపేయాలి. ఒకసారి ఘాటు లోపలికి వచ్చేశాక జరిపితే లాభం లేదు, ఆ ఘాటునే లోపల తిప్పుతూ ఉంటుంది, అప్పుడు యార్డు దాటేదాకా ఓర్చుకుని అద్దాలు దించుకోవాల్సిందే. ట్రాఫిక్‌లో పొగ కక్కే బండి వెనక ఇరుక్కున్నా ఇంతే.

అలాగని ఎప్పుడూ లోపలి గాలి మీదే పెట్టి నడిపేవాళ్ళని చూస్తే నాకు భయం. హైదరాబాద్ రోడ్డు మీద రాత్రి ప్రయాణం, కారులో ఐదుగురు, అద్దాలన్నీ మూసి, గంటల తరబడి అదే గాలి. అందరూ పీల్చి వదిలిన గాలే తిరుగుతుంటే లోపల కార్బన్ డయాక్సైడ్ పెరుగుతుంది, తల బరువెక్కుతుంది, ఆవలింతలు మొదలవుతాయి. వెనక వాళ్ళు నిద్రపోతే నష్టం లేదు, స్టీరింగ్ పట్టుకున్నవాళ్ళ సంగతేంటి? టీకి ఆగినప్పుడు చురుగ్గా ఉండి మళ్ళీ కారెక్కిన కాసేపటికే నిద్ర ముంచుకొస్తుంటే ఓసారి ఈ లివర్ ఎటుందో చూసుకోండి. అరగంటకోసారి కాసేపు బయటి గాలి తీసుకుంటే ఎంతో తేడా. కూలింగ్ కొంచెం తగ్గినట్టు అనిపిస్తుంది, రాత్రిపూట అదేమంత తెలియదు. నిజంగా నిద్ర వస్తుంటే మాత్రం గాలి మార్చి నడపడం కాదు, బండి పక్కకి ఆపి పడుకోవాల్సిందే.

పడుకోవడం అన్నాను కాబట్టి ఇది కూడా. ఇంజిన్ ఆన్‌లో పెట్టి, అద్దాలు మూసి, ఏసీ వేసుకుని ఆగి ఉన్న కారులో నిద్రపోవద్దు. సైలెన్సర్ పొగ లోపలికి చేరితే అందులో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం పోతుంది. మూసిన షెడ్డులో, సెల్లార్ పార్కింగ్‌లో అయితే ఇంకా ప్రమాదం. పెళ్ళిళ్ళ సీజన్‌లో ఫంక్షన్ హాళ్ళ సెల్లార్లలో డ్రైవర్లు ఇలా పడుకుని కనిపిస్తే దయచేసి అద్దం తట్టి లేపండి.

ఇంకో నాబ్, గాలి ఎటు రావాలో చెప్పేది. మొహం, మొహం ప్లస్ కాళ్ళు, కాళ్ళు, కాళ్ళు ప్లస్ అద్దం, అద్దం. ఎండాకాలం మొహం దగ్గరే ఉంచుతాం కాబట్టి దీని గురించి ఎవరూ పట్టించుకోరు, వాన పడగానే దీని అవసరం తెలుస్తుంది. ముందు అద్దానికి ఆవిరి పట్టినప్పుడు చాలామంది కంగారుపడి గుడ్డ పెట్టి తుడుస్తూ నడుపుతారు. ముందు ఆవిరి లోపల పట్టిందా బయట పట్టిందా చూడాలి, వేలితో గీస్తే తెలిసిపోతుంది. లోపల పట్టిందంటే కారులో తేమ ఎక్కువైందని, తడిసిన బట్టలతో ఎక్కాం, ఊపిరి ఉంది, బయట వాన వల్ల అద్దం చల్లబడింది. అప్పుడు నాబ్ అద్దం బొమ్మ మీదికి, లివర్ బయటి గాలి వైపు, ఏసీ ఆన్. ఏసీ ఎందుకంటే కూలింగ్ కాయిల్ గాలిలో తేమని నీరుగా పిండేస్తుంది, కారు కింద చుక్కలు చుక్కలుగా కారేది ఆ నీళ్ళే. ఎండాకాలం వద్దన్న పని, నీలం నాబ్‌ని కొంచెం ఎరుపు వైపు తిప్పడం, ఇక్కడ పనికొస్తుంది. తేమ తీసేసిన గాలి కొంచెం వెచ్చగా తగిలితే అద్దం చాలా తొందరగా క్లియర్ అవుతుంది.

బయట పట్టిందంటే కథ తిరగబడుతుంది. మన దగ్గర వాన వెలిశాక, ఉక్కపోతగా ఉన్న రాత్రి బ్యారేజీ మీదుగా వెళ్తుంటే ఇది బాగా అవుతుంది. లోపల ఏసీ చల్లదనానికి అద్దం చల్లబడి, బయటి తేమ వచ్చి దాని మీద పడుతుంది. దీనికి అద్దం మీదికి ఇంకా చల్లగాలి కొడితే ఆవిరి ఇంకా పెరుగుతుంది! వైపర్ ఒకసారి వేసి, గాలిని మొహం వైపు మార్చి, చల్లదనం కాస్త తగ్గిస్తే పోతుంది. ఒకటే లక్షణం, రెండు కారణాలు, వైద్యం పూర్తిగా వేరు. ఇది తెలియక రాత్రి వానలో రోడ్డు కనపడక టెన్షన్ పడేవాళ్ళు చాలామంది. డ్రైవింగ్ స్కూళ్ళలో క్లచ్, గేరు నేర్పిన రోజే ఇది కూడా నేర్పాలని నా గట్టి అభిప్రాయం.

ఫ్యాన్ నాబ్‌లో నాలుగు స్పీడ్‌లు. ఒకటో నంబరు ఎండాకాలం ఎందుకూ చాలదు, మూడు నుంచి శబ్దం ఎక్కువ, ఫోన్ స్పీకర్‌లో మాట్లాడితే వినపడదు. రెండుకీ మూడుకీ మధ్య ఒకటి ఉంటే బాగుండేది. ఇలాంటి నాబ్‌లున్న కార్లలో ఒకటి, రెండు, మూడు పనిచేయక నాలుగు మాత్రమే పనిచేస్తుంటే సాధారణంగా బ్లోయర్ పాడైనట్టు కాదు, రెసిస్టర్ అనే చిన్న పార్ట్ పోయి ఉంటుంది. తక్కువ స్పీడ్‌లకి కరెంటు దాని గుండా వెళ్తుంది, నాలుగుకి నేరుగా వెళ్తుంది. ఎవరైనా బ్లోయర్ మొత్తం మార్చాలంటే ముందు రెసిస్టర్ చూడమనండి, ఖర్చులో చాలా తేడా ఉంటుంది.

బెంజ్ సర్కిల్ సిగ్నల్ దగ్గర ఆగితే కూలింగ్ తగ్గుతుంది, ఇది ఈ కారు లోపం అని రాయను. కంప్రెసర్ ఇంజిన్ బెల్టుతో తిరుగుతుంది, ఇంజిన్ నెమ్మదిగా తిరుగుతుంటే అదీ నెమ్మదే. పైగా కారు ఆగి ఉన్నప్పుడు ముందున్న, గ్యాస్ వేడిని బయటికి వదిలే కండెన్సర్‌కి ఎదురుగాలి ఉండదు, దాని ఫ్యాన్ మీదే ఆధారపడాలి. ఆ రెండు నిమిషాలు ఫ్యాన్ స్పీడు పెంచితే ఇంకా వేడిగాలి వస్తుంది, ఒక నంబరు తగ్గిస్తే వచ్చే గాలి చల్లగా ఉంటుంది. ఆగితే వేడిగాలి, పరిగెత్తితే చల్లగాలి అన్నంత తేడా ఉంటే మాత్రం కండెన్సర్ ఫ్యాన్, దాని మీద పేరుకున్న దుమ్ము చూపించుకోవాలి.

మా బావగారి కారులో ఆటోమేటిక్ ఏసీ, పైగా అన్నీ టచ్ స్క్రీన్‌లోనే. మొదటిసారి నన్ను నడపమన్నప్పుడు "బావగారూ, ఫ్యాన్ ఎక్కడ తగ్గించాలి" అని అడగాల్సి వచ్చింది, ఆయన "ఆగు, మ్యాప్ పక్కకి జరిపితే కింద వస్తుంది" అన్నారు. రామవరప్పాడు రింగ్ దగ్గర నాలుగు వైపుల నుంచి ఆటోలు, బైకులు వచ్చే చోట స్క్రీన్ చూసి వేలితో వెతకడం ఏం పద్ధతి? ఈ విషయంలో నేను రాజీపడను, ఏసీకి చేత్తో తిప్పే నాబ్ ఉండాలి. కానీ ఆటో మోడ్ తనంతట తాను మంచిదే, న్యాయంగా చెప్పాలి కదా. 24 పెట్టి ఆటో నొక్కి వదిలేస్తే ఫ్యాన్ స్పీడు, చల్లదనం అన్నీ అదే చూసుకుంటుంది. బావగారు ఎక్కగానే 18 పెట్టేవారు తొందరగా చల్లబడాలని. 24 పెట్టినా మొదట్లో అది దాని ఫుల్ బలంతోనే పనిచేస్తుంది, 18 పెడితే తొందరగా ఏమీ అవదు, ఆగాల్సిన చోట ఆగకుండా చలి పుట్టిస్తుంది, అంతే.

ఆ కారులో ఇంకో సంగతి గమనించాను. డ్యాష్‌బోర్డ్ పైన అద్దం దగ్గర నల్లటి చిన్న బుడిపె ఉంటుంది, అది ఎండ ఎంత పడుతోందో కొలిచే సెన్సార్. వాళ్ళు సరిగ్గా దాని మీదే అమ్మవారి విగ్రహం అంటించారు. నీడ పడితే ఎండ లేదనుకుని ఏసీ మెతకగా పనిచేస్తుంది. "అక్కా, అమ్మవారిని కొంచెం పక్కకి జరుపుదాం" అంటే ముందు అక్క ఒప్పుకోలేదు, కొండ మీద పూజ చేయించి పెట్టింది మరి. విషయం చెప్పాక తనే ఎడమవైపు జరిపి పూలు పెట్టింది. ఆటోమేటిక్ ఏసీ ఉన్నవాళ్ళు డ్యాష్‌బోర్డ్ మీద ఏం పెట్టినా ఆ బుడిపె వదిలి పెట్టండి.

మళ్ళీ మా కారుకి వస్తే, నాకు అసలైన కొరత వెనక సీటు. వెనక ఏసీ వెంట్‌లు లేవు. ఎండలో అమ్మ వెనక కూర్చుంటే గాలి అందేసరికి ఆలస్యమవుతుంది. మధ్యలో ఉన్న రెండు వెంట్‌లని మా వైపు కాకుండా నేరుగా, కొంచెం పైకి, రెండు సీట్ల మధ్య నుంచి వెనక్కి వెళ్ళేలా తిప్పితే చాలా మెరుగు. చల్లగాలి ఎలాగూ కిందికి దిగుతుంది. ముందు వాళ్ళకి పక్క వెంట్‌లు చాలు. తలుపు వైపు గాజులోంచి పడే ఎండకి వెనక నెట్ తెరలు కూడా పెట్టాం.

వాసన గురించి అడుగుతారు. ఏసీ వేయగానే తడి గుడ్డ వాసన వస్తుందంటే కూలింగ్ కాయిల్ మీద తడి ఆరక బూజు పట్టిందని. ఇంటికి చేరే రెండు మూడు నిమిషాల ముందు ఏసీ బటన్ ఆపి, ఫ్యాన్ మాత్రం తిప్పితే కాయిల్ ఆరుతుంది. మేం వారధి దాటి ఇంటి సందు రాగానే ఆపేస్తాం. క్యాబిన్ ఫిల్టర్ గ్లవ్‌బాక్స్ వెనక ఉంది, మనమే తీసి చూసుకోవచ్చు. నల్లగా దుమ్ము పట్టి ఉంటే గాలి తగ్గుతుంది, జనం దాన్ని కూడా గ్యాస్ తగ్గిందనుకుంటారు. కాళ్ళ దగ్గర మ్యాట్ తడిస్తే డ్రెయిన్ పైపు మూసుకుపోయిందని, కింద కారాల్సిన నీళ్ళు లోపలికి వస్తున్నాయని. చలికాలం ఏసీ అవసరం లేకపోయినా వారానికోసారి కాసేపు వేయండి, గ్యాస్‌తో పాటే తిరిగే ఆయిల్, పైపుల సీళ్ళు ఎండిపోకుండా చూస్తుంది.

మార్కులు: కూలింగ్‌కి ఐదుకి నాలుగు, నాబ్‌లకి ఐదుకి ఐదు, ఫ్యాన్ శబ్దానికి రెండున్నర, వెనక సీటుకి రెండు. ఇంట్లో పెద్దవాళ్ళుండి ఎప్పుడూ వెనక ఇద్దరు ముగ్గురు కూర్చునేవాళ్ళు వెనక వెంట్‌లున్న వేరియంట్ చూసుకోండి, దానికి పెట్టే డబ్బు వృథా కాదు. టెస్ట్ డ్రైవ్ షోరూమ్ వాళ్ళు ఉదయం పదింటికి ఇస్తామంటారు. మీరు మధ్యాహ్నం రెండింటికి అడగండి, బండి ఎండలోనే పెట్టి ఉంచమనండి, వెనక సీట్లో మీ అమ్మగారినో నాన్నగారినో కూర్చోబెట్టి బెంజ్ సర్కిల్ మీదుగా ఒక రౌండు వేసి, గాలి అందిందా అని వాళ్ళని అడగండి.